ఒక చెవికే పాట: పాత స్టీరియో రిసీవర్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ఫిర్యాదు ఉంది. 1970ల నాటి రిసీవర్ (రేడియో, ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉన్న సెట్), ఒక వైపు బాగానే పాడుతుంది, రెండో వైపు మూగబోయింది. అందుకే శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాం. జవాబులు చదివే ముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి. స్టీరియోలో రెండు ఛానళ్లూ కవలలు. ఒకటి చెడినా, అది అసలు ఎలా ఉండాలో చూపించే నమూనా అదే పెట్టెలో పక్కనే ఉంటుంది. సిగ్నల్ ఎక్కడ ఆగిందో ఆ నమూనాతో పోల్చి తెలుసుకునే దాకా ఏ భాగాన్నీ మార్చకండి.

ప్రశ్న: మా నాన్నగారి రిసీవర్‌లో ఎడమ స్పీకర్ పలకడం లేదు. రేడియో పెట్టినా, క్యాసెట్ పెట్టినా అంతే. ఒక మెకానిక్ మూత కూడా విప్పకుండా "ఆంప్లిఫయర్ సెక్షన్ పోయింది, ట్రాన్సిస్టర్లన్నీ మార్చాలి" అన్నారు. నిజంగా అంత పని ఉంటుందా? నేనే ముందుగా ఏమైనా చూసుకోవచ్చా?

జవాబు: లోపల కొలవకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు. తప్పు ఏ భాగంలో ఉందో మీరు మూత విప్పకుండానే చాలావరకు తేల్చుకోవచ్చు.

స్పీకర్లు రెండూ తీసేసి మొదలుపెట్టండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, రిసీవర్ ఆన్ చేసి, మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి ఎడమ స్పీకర్ టెర్మినళ్ల మధ్య కొలవండి. తర్వాత కుడి వైపు కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే భయం లేదు. 100 మిల్లీవోల్టులు దాటితే లోపల సరిచేయాల్సింది ఉందని అర్థం. పది, ఇరవై, నలభై వోల్టులు చూపిస్తే ఆ వైపు స్పీకర్ తగిలించకండి, కింద నాలుగో ప్రశ్నకు వెళ్లండి. రక్షణ రిలే (డీసీ లేనప్పుడే స్పీకర్లను కలిపే స్విచ్) లేని పాత సెట్లలో ఆ డీసీ నేరుగా స్పీకర్ కాయిల్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. ఈ కొలత చూడకుండా స్పీకర్లు అటూ ఇటూ మారిస్తే బాగున్న స్పీకర్ కూడా పోతుంది.

డీసీ లేదని తేలాక, సెట్ ఆపి, రెండు స్పీకర్ వైర్లనూ రిసీవర్ దగ్గర తారుమారు చేయండి. మూగతనం రెండో స్పీకర్‌కు మారితే తప్పు రిసీవర్‌లోనో, దాని ముందు పెట్టిన పరికరంలోనో ఉంది. మొదటి స్పీకరే ఇంకా మూగగా ఉంటే రిసీవర్‌ను వదిలేసి ఆ స్పీకర్‌నీ దాని వైరునీ చూసుకోండి. తర్వాత క్యాసెట్ డెక్ నుంచి వచ్చే రెండు పిన్నులనూ రిసీవర్ వెనక తారుమారు చేయండి. మూగ వైపు మారితే డెక్కుదో కేబుల్‌దో తప్పు. మారకపోతే తప్పు లోపలే. మీకు రేడియోలోనూ ఎడమ వైపు రావడం లేదు కాబట్టి ఇది లోపలి తప్పే కావచ్చు. అయినా ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, చేసేయండి.

ఇప్పుడు ముందు ప్యానెల్ చూడండి. బ్యాలెన్స్ నాబ్ మధ్యలో ఉందా? మోడ్ స్విచ్ "స్టీరియో" మీద ఉందా? టేప్ మానిటర్ (సిగ్నల్‌ను టేప్ డెక్ గుండా మళ్లించే) బటన్ లోపలికి నొక్కి ఉందా? ఏళ్ల తరబడి కదపని టేప్ మానిటర్ స్విచ్‌లో ఒక వైపు కాంటాక్ట్ మాత్రమే మసిబారి ఆ ఛానల్ పోవడం చాలా మామూలు. సెట్ ఆపి ఆ స్విచ్‌నీ, మోడ్ స్విచ్‌నీ, స్పీకర్ ఎ-బి స్విచ్‌నీ ఒక్కోదాన్ని ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పండి. హెడ్‌ఫోన్ సాకెట్‌లో పిన్ను ఇరవై సార్లు పెట్టి తీయండి. కొన్ని మోడళ్లలో హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్లను ఆపే కాంటాక్ట్ ఆ సాకెట్‌లోనే ఉంటుంది. అది మసిబారినా ఒక వైపు పోతుంది.

ఆ తర్వాత హెడ్‌ఫోన్‌తో వినండి. చాలా రిసీవర్లలో హెడ్‌ఫోన్‌కు సిగ్నల్ పవర్ ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ నుంచే, కొన్ని వందల ఓమ్‌ల రెసిస్టర్ గుండా వస్తుంది. హెడ్‌ఫోన్‌లో రెండు వైపులా సమానంగా వినిపిస్తే ట్రాన్సిస్టర్లు నిక్షేపంగా ఉన్నాయి. లోపం రిలే, స్పీకర్ స్విచ్, టెర్మినళ్లు, ఈ మూడింటిలోనే ఉంటుంది. హెడ్‌ఫోన్‌లోనూ ఎడమ వైపు రాకపోతే ఇంకా వెనక్కి వెళ్లాలి.

వెనక ప్యానెల్ మీద "ప్రీ అవుట్", "మెయిన్ ఇన్" అనే సాకెట్లు ఉన్నాయేమో చూడండి. మారాంట్జ్ 2270 లాంటి వాటిలో ఈ రెండింటినీ కలుపుతూ ఇంగ్లీషు యు ఆకారపు లోహపు ముక్కలు ఉంటాయి. అవి తుప్పు పట్టినా, వదులైనా, ఎవరో తీసి పారేసినా ఛానల్ పోతుంది. ముందు వాటిని తీసి తుడిచి పెట్టండి. అప్పటికీ రాకపోతే మామూలు ఆడియో కేబుల్‌తో ఎడమ ప్రీ అవుట్‌ను కుడి మెయిన్ ఇన్‌కు, కుడి ప్రీ అవుట్‌ను ఎడమ మెయిన్ ఇన్‌కు కలపండి. ఈ మార్పులు సెట్ ఆపాకే చేయాలి. మూగతనం కుడి స్పీకర్‌కు మారిందంటే లోపం ప్రీ ఆంప్లిఫయర్‌లో ఉంది: సెలెక్టర్, టోన్, వాల్యూమ్, బ్యాలెన్స్ ఉన్న భాగం. ఎడమ స్పీకరే మూగగా ఉంటే పవర్ ఆంప్లిఫయర్‌లోనో, ఆ తర్వాతో ఉంది. సగం యంత్రాన్ని అనుమానాల జాబితా నుంచి ఒక్క దెబ్బకు తీసేసే పరీక్ష ఇది. ఈ సాకెట్లు ఉన్న రిసీవర్ మీ దగ్గరుంటే దీన్ని తప్పక చేయండి. ఒక్క జాగ్రత్త: మెయిన్ ఇన్‌లో ఫోన్ లాంటి దాన్ని నేరుగా పెట్టకండి. వాల్యూమ్ నాబ్ దానికి ముందే ఉంటుంది కాబట్టి ఎంత తగ్గించినా పని చేయదు, పూర్తి శక్తితో మోగుతుంది.

ప్రశ్న: నా రిసీవర్ ఆన్ చేయగానే కుడి వైపు రాదు, లేదా సన్నగా చిట్లినట్టు వస్తుంది. వాల్యూమ్ బాగా పెంచితే ఒక్కసారిగా "ఠప్" మని వచ్చేస్తుంది. ఆ రోజంతా బాగుంటుంది. మర్నాడు మళ్లీ అదే కథ.

జవాబు: ఇది రిలే గానీ స్పీకర్ స్విచ్ గానీ. ఆన్ చేసిన కొన్ని సెకన్ల తర్వాత "టిక్" మనే శబ్దం ఆ రిలేదే. ఆంప్లిఫయర్‌లో డీసీ లేదని చూసుకున్నాకే అది స్పీకర్లను కలుపుతుంది. దాని కాంటాక్టుల మీద మసి పొర పేరుకుంటే చిన్న సిగ్నల్ దాన్ని దాటలేదు. వాల్యూమ్ పెంచితే వోల్టేజీ పెరిగి ఆ పొరను చీల్చుకుని వెళ్తుంది. రాత్రి సెట్ ఆపితే మళ్లీ పొర అడ్డం పడుతుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే.

రిలేనా, స్విచ్చా అన్నది మీటరుతో తేలుతుంది. ఓ మాదిరి వాల్యూమ్‌లో పాట పెట్టి, స్పీకర్ తగిలించి ఉండగా, మీటర్‌ను ఏసీ మిల్లీవోల్టుల మీద పెట్టి రిలేలో ఒక జత కాంటాక్టుల రెండు కొసల మధ్య కొలవండి. బాగున్న కాంటాక్ట్ మీద కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే ఉంటుంది. వందల మిల్లీవోల్టులు చూపించి, పాటతో పాటు ఊగుతుంటే ఆ కాంటాక్టే దొంగ. ఎడమ జతతో పోల్చి చూడండి, తేడా కళ్లకు కడుతుంది.

రిలే మీద పారదర్శకమైన ప్లాస్టిక్ మూత ఉంటే ఊడదీయవచ్చు. ప్లగ్ తీసి, కెపాసిటర్లను డిశ్చార్జ్ చేశాక (ఎలాగో నాలుగో జవాబులో ఉంది), విజిటింగ్ కార్డులాంటి మందపాటి కాగితాన్ని సన్నని పట్టీగా కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లోనో కాంటాక్ట్ క్లీనర్‌లోనో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో మెల్లగా అదిమి లాగండి. కాగితం మీద నల్ల గీత పడటం ఆగే దాకా అలా చేయండి. ఉప్పు కాగితం, ఆకురాయి వాడొద్దు. కాంటాక్టుల మీది వెండి పూత లేచిపోతే కొన్ని నెలల్లో ఇంకా అధ్వానంగా తయారవుతుంది. కాంటాక్టుల మీద గుంటలు పడి ఉంటే మాత్రం శుభ్రం చేయడం తాత్కాలికమే, కొత్త రిలే వేయాలి. కొనేటప్పుడు కాయిల్ వోల్టేజీ (చాలా సెట్లలో 24 వోల్టులు), కాయిల్ రెసిస్టెన్స్, కాళ్ల అమరిక పాతదానితో సరిపోవాలి. కాంటాక్టులు కనీసం 5 ఆంపియర్లు తట్టుకోవాలి. కాయిల్ రెసిస్టెన్స్ ఎందుకంటే, కొన్ని సెట్లలో దాని ముందు రెసిస్టర్ పెట్టి వోల్టేజీ తగ్గిస్తారు. కాయిల్ మారితే ఆ లెక్క తప్పుతుంది.

రిలే అడ్డంగా ఉందని దాని మీద వైరు ముక్క టంకం వేసి దాటించేసిన సెట్లు కనిపిస్తుంటాయి. దయచేసి ఆ పని చేయకండి. రేపు ఒక ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే స్పీకర్‌ను కాపాడేది అదొక్కటే.

ప్రశ్న: వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగర వస్తోందని తుప్పు వదిలించే నూనె స్ప్రే కొట్టాను. కొన్నాళ్లు బాగుంది. ఇప్పుడు నాబ్ ఒక చోట ఉంటే ఎడమ వైపు పోతుంది, కాస్త జరిపితే వస్తుంది.

జవాబు: ఆ నూనె బోల్టుల కోసం చేసింది. కంట్రోల్‌లోని కార్బన్ పట్టీ మీద అది జిడ్డుగా మిగిలి దుమ్ము పట్టుకుంటుంది. ముందు దాన్ని కడగాలి. సెట్ ఆపి, ప్లగ్ తీసి, కంట్రోల్ వెనక కాళ్ల దగ్గరుండే సందులోంచి అవశేషం మిగల్చని కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్‌ను ఒక కొస నుంచి మరో కొసకు ముప్పై సార్లు తిప్పండి. మురికి కారిపోయేలా రిసీవర్‌ను కొంచెం వంచి మళ్లీ చేయండి. ఆరాక, పొటెన్షియోమీటర్ల (ఇలాంటి తిప్పే కంట్రోళ్ల) కోసమే చేసిన లూబ్రికెంట్ ఉన్న క్లీనర్ అతి కొద్దిగా కొట్టండి. గంటసేపు ఆరనిచ్చి ఆన్ చేయండి. నాబ్ ఇరుసు దగ్గర ముందు వైపు నుంచి కొట్టకండి. అక్కడి గ్రీజు కొట్టుకుపోతే నాబ్ తిప్పినప్పుడు ఉండే ఆ మెత్తని బరువు పోతుంది, మళ్లీ తెచ్చుకోలేం.

కడిగినా అదే చోట పోతుంటే కార్బన్ పట్టీ అరిగిపోయింది. కంట్రోల్ మార్చడమే దారి. బ్యాలెన్స్ కంట్రోల్‌కూ ఇదే పద్ధతి.

ప్రశ్న: ఆన్ చేస్తే రిలే టిక్ మనడం లేదు, రెండు వైపులా శబ్దం లేదు. రిలేకు ముందు కొలిస్తే కుడి వైపు 12 మిల్లీవోల్టులు, ఎడమ వైపు మైనస్ 38 వోల్టులు ఉంది. ఎడమ వైపు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చితే సరిపోతుందా?

జవాబు: మీరు కొలవాల్సిన చోటే కొలిచారు. చాలా సెట్లలో రెండు ఛానళ్లకూ ఒకే రిలే ఉంటుంది, అందుకే ఎడమ వైపు చెడితే కుడి వైపు కూడా మూగబోయింది. కానీ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మాత్రం మార్చి ఆన్ చేస్తే, కొత్తవి కూడా క్షణంలో పోయే అవకాశం చాలా ఉంది. ఎందుకో, ఏ వరుసలో చేయాలో వివరంగా చెబుతాం. తొందరపాటు ఖరీదైనది ఇక్కడే.

ముందుగా మీ భద్రత. పవర్ సప్లయ్‌లోని పెద్ద కెపాసిటర్లు ప్లగ్ తీశాక కూడా ఛార్జి నిలుపుకుంటాయి. 100 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్‌కు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు పెట్టి, ఒక్కో కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య పది సెకన్లు పట్టుకోండి. 10,000 మైక్రోఫారడ్‌లకు ఐదు సెకన్లు చాలు, అయినా మీటరుతో ఒక వోల్టు లోపుకు దిగిందని చూసుకున్నాకే చేతులు పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు ఉంటే మానేయండి. ఆ దెబ్బకు కెపాసిటర్ లోపలి కనెక్షన్లు దెబ్బతింటాయి, నిప్పురవ్వ కంట్లో పడుతుంది.

రెండోది, ఎడమ బోర్డుకు రెండు సప్లయ్‌లూ అందుతున్నాయా? మీ అవుట్‌పుట్ మైనస్ 38కి అతుక్కుపోయింది. కింది వైపు ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉండొచ్చు. లేదా పై వైపు ప్లస్ సప్లయ్ ఫ్యూజు పోయి, లాగేవాడు లేక అవుట్‌పుట్ కిందికి జారి ఉండొచ్చు. రెండో సందర్భంలో ట్రాన్సిస్టర్లు బాగానే ఉండొచ్చు. అందుకని కుడి, ఎడమ బోర్డుల దగ్గర ప్లస్, మైనస్ సప్లయ్‌లు కొలిచి పోల్చండి. ఫ్యూజు పోయి ఉంటే అదే ఆంపియర్‌ది వేయండి. "పెద్దది వేస్తే ఆగుతుంది" అనుకుంటే ఫ్యూజు బదులు ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది.

ఇప్పుడు ట్రాన్సిస్టర్లు (బేస్, ఎమిటర్, కలెక్టర్ వాటి మూడు కాళ్లు) తీసి, మీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి కొలవండి. ఎన్‌పీఎన్ రకానికి ఎర్ర ప్రోబ్ బేస్ మీద పెట్టి, నల్లది ఎమిటర్ మీద, తర్వాత కలెక్టర్ మీద పెడితే రెండు సార్లూ 0.5 నుంచి 0.7 మధ్య చూపాలి. ప్రోబ్‌లు తిరగేస్తే ఏమీ చూపకూడదు. కలెక్టర్, ఎమిటర్ మధ్య ఎటు పెట్టినా ఏమీ చూపకూడదు. పీఎన్‌పీ అయితే ప్రోబ్‌లు తారుమారు. కలెక్టర్, ఎమిటర్ మధ్య సున్నా వస్తే షార్ట్. గుడ్డు ఆకారపు లోహపు ట్రాన్సిస్టర్లకు కలెక్టర్ అంటే ఆ డొక్కే. డార్లింగ్టన్ రకానికి (ఒకే డొక్కలో రెండు ట్రాన్సిస్టర్లు ఉండేది) ఈ అంకెలు వర్తించవు. బాగున్న వైపుదాన్ని కొలిచి పోల్చుకోవాలి.

అవుట్‌పుట్ షార్ట్ అయినప్పుడు ఆ దెబ్బ వెనక్కి పాకుతుంది. దాన్ని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్, బేస్ రెసిస్టర్లు, 0.22 నుంచి 0.47 ఓమ్‌ల దాకా ఉండే తెల్లని ఎమిటర్ రెసిస్టర్లు, బయాస్‌ను (పాట లేనప్పుడూ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంట్‌ను) నిలబెట్టే చిన్న ట్రాన్సిస్టర్ లేదా డయోడ్, ఇవన్నీ ఒక్కొక్కటిగా కొలవాలి. ఎమిటర్ రెసిస్టర్ కొలిచే ముందు రెండు ప్రోబ్‌లూ కలిపి పట్టుకుని ఆ అంకె తీసేయండి. ప్రోబ్ వైర్లకే 0.2 ఓమ్‌ల దాకా ఉంటుంది. ఈ గొలుసులో ఒక్క చెడ్డ భాగం మిగిలినా కొత్త ట్రాన్సిస్టర్లు దానికి బలి.

ట్రాన్సిస్టర్లు జతగా మార్చాలి, షార్ట్ అయినది ఒక్కటే అయినా సరే. రెండోది కూడా అదే దెబ్బ తిని ఉంటుంది. పాత జపాన్ నంబర్లకు బదులుగా చాలామంది ఎమ్‌జె 15003, ఎమ్‌జె 15004 జత వాడతారు. ఇవి 140 వోల్టులు, 20 ఆంపియర్లు తట్టుకుంటాయి. మీ సప్లయ్‌లు ప్లస్ 38, మైనస్ 38 అయితే కలిపి 76, కాబట్టి సరిపోతాయి. అవి అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొనండి. ఉత్పత్తి ఆగిపోయిన పాత నంబర్లు ఇప్పుడు కొత్తగా, చవకగా, పెద్ద సంఖ్యలో దొరుకుతున్నాయంటే అవి మరో ట్రాన్సిస్టర్ మీద అచ్చు వేసినవే అనుకోవాలి. పాత సెట్లలో వాడే ఎస్‌టీకే రకం మాడ్యూళ్లదీ (ఆంప్లిఫయర్ సర్క్యూట్ ఒకే ముక్కగా వచ్చేవి) ఇదే పరిస్థితి.

బిగించేటప్పుడు పగిలిన మైకా రేకు (ట్రాన్సిస్టర్‌కూ హీట్ సింక్‌కూ మధ్య ఉండే ఇన్సులేటర్) పక్కన పడేసి కొత్తది వేయండి, రెండు వైపులా పలచగా థర్మల్ పేస్ట్ రాయండి. తర్వాత ఆన్ చేయకముందే ట్రాన్సిస్టర్ డొక్కకూ హీట్ సింక్‌కూ మధ్య కొలవండి. కొంచెం కూడా కలవకూడదు. స్క్రూల చుట్టూ ఉండే ప్లాస్టిక్ బుషింగ్ ఒకటి వేయడం మరిచిపోతే చాలు, ఇక్కడే పట్టుబడుతుంది.

మొదటిసారి ఆన్ చేయడం సీరీస్ బల్బు గుండానే. 220–240 వోల్టుల లైన్‌కు 100 వాట్ల ఫిలమెంట్ బల్బును ఫేజ్ వైరులో వరుసగా పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. స్పీకర్లు తగిలించొద్దు. బల్బు ఒకటి రెండు సెకన్లు వెలిగి మసకబారితే లోపల షార్ట్ లేదు. వెలుగు తగ్గకపోతే వెంటనే ఆపండి, ఇంకేదో మిగిలి ఉంది. బల్బు వల్ల వోల్టేజీ తగ్గి రిలే పట్టకపోవచ్చు, దానికి కంగారు పడొద్దు. ఈ స్థితిలో ఎడమ వైపు డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే బల్బు తీసేసి నేరుగా ఆన్ చేయండి.

చివరిది బయాస్. బోర్డు మీది ట్రిమ్మర్ (బయాస్ సరిచేసే చిన్న కంట్రోల్) పాత స్థానాన్ని ముందే పెన్నుతో గుర్తు పెట్టుకోండి. సర్వీస్ మాన్యువల్ చూసి, సీరీస్ బల్బు మీద పెట్టకముందే దాన్ని తక్కువ కరెంట్ వైపుకు తిప్పి ఉంచాలి. తర్వాత పది పదిహేను నిమిషాలు వేడెక్కనిచ్చి, ఎమిటర్ రెసిస్టర్ రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు చూస్తూ మెల్లగా పెంచాలి. మాన్యువల్ 30 మిల్లీఆంపియర్లు అంటే, 0.33 ఓమ్‌ల రెసిస్టర్ మీద సుమారు 10 మిల్లీవోల్టులు, 0.47 మీద 14. కొన్ని మాన్యువళ్లు రెండు ఎమిటర్ల మధ్య కొలవమంటాయి, అప్పుడు అంకె రెట్టింపు అవుతుంది. అది గమనించకపోతే మీరు పెట్టాల్సినదానికి రెండింతలు కరెంట్ పెడతారు. పాత ట్రిమ్మర్ లోపల కాంటాక్ట్ వదిలిందంటే, చాలా సర్క్యూట్లలో బయాస్ ఒక్కసారిగా పైకి దూకి కొత్త ట్రాన్సిస్టర్లను కాల్చేస్తుంది. కాబట్టి రెండు వైపులా కొత్త ట్రిమ్మర్లు వేయండి. ఇంత చిన్న భాగం దగ్గర పొదుపు వద్దు.

ప్రశ్న: నా సెట్‌లో కుడి వైపు పూర్తిగా పోలేదు. చాలా సన్నగా, బాస్ లేకుండా వస్తోంది. డీసీ లేదు. ప్రీ అవుట్ సాకెట్లు లేవు. ఆసిలోస్కోప్ కూడా లేదు. ఎలా వెతకాలి?

జవాబు: ఆసిలోస్కోప్ లేకపోయినా ఫరవాలేదు. ఫోన్‌లో 400 హెర్ట్జ్ టోన్ ఒకటి పెట్టి, రెండు ఛానళ్లకూ ఒకేసారి ఆక్స్ (బయటి పరికరాల ఇన్‌పుట్) సాకెట్లలో ఇవ్వండి. మామూలు మల్టీమీటర్లు ఏసీని కొన్ని వందల హెర్ట్జ్ దాకానే సరిగ్గా చూపిస్తాయి. అందుకే వెయ్యి హెర్ట్జ్ టోన్ వద్దంటున్నాం. నల్ల ప్రోబ్‌ను చాసిస్‌కు క్లిప్పుతో బిగించి, ఎర్రదానితో ఎడమ, కుడి ఒకే చోట జంటగా కొలుచుకుంటూ పోండి: సెలెక్టర్ తర్వాత, టేప్ మానిటర్ తర్వాత, వాల్యూమ్ మధ్య కాలు, టోన్ బోర్డు అవుట్‌పుట్, పవర్ ఆంప్లిఫయర్ ఇన్‌పుట్, చివరికి అవుట్‌పుట్. ఉదాహరణకు ఎడమ వైపు ఇన్‌పుట్‌లో 80 మిల్లీవోల్టులు, అవుట్‌పుట్‌లో 2 వోల్టులు వచ్చాయనుకోండి. అంటే పాతిక రెట్లు. కుడి వైపు కూడా 80 వచ్చి, అవుట్‌పుట్‌లో 0.2 వోల్టులే ఉంటే లోపం పవర్ ఆంప్లిఫయర్ బోర్డులో ఉంది. ఇన్‌పుట్‌లోనే 8 మిల్లీవోల్టులుంటే వెనక్కి నడవండి. టోన్ డిఫీట్ (టోన్ కంట్రోళ్లను దాటవేసే) బటన్ ఉంటే నొక్కి చూడండి. నొక్కగానే రెండు వైపులూ సమానమైతే తప్పు టోన్ బోర్డులోనే.

బాస్ లేకపోవడం కప్లింగ్ కెపాసిటర్ ఎండిపోయిందనడానికి గట్టి సూచన. ఈ 1 నుంచి 10 మైక్రోఫారడ్‌ల చిన్న ఎలక్ట్రోలిటిక్‌లు ఒక దశ నుంచి మరో దశకు సిగ్నల్ దాటిస్తాయి. ఎండి విలువ పడిపోతే సన్నని ధ్వని మాత్రమే దాటుతుంది. దాని రెండు కాళ్ల మీదా ఏసీ కొలవండి. ఈ టోన్‌కు రెండు వైపులా దాదాపు ఒకే అంకె రావాలి. ఒక కాలి మీద 80, మరో కాలి మీద 10 వస్తే దొరికినట్టే. అదే విలువ, అంతకు తక్కువ కాని వోల్టేజీతో, ప్లస్ మైనస్ చూసి వేయండి. 1970ల మొదట్లో వచ్చిన కొన్ని సెట్లలో ఒకే సప్లయ్ ఉండి, స్పీకర్ ముందు 1,000 నుంచి 2,200 మైక్రోఫారడ్‌ల పెద్ద కెపాసిటర్ ఉంటుంది. మీది అలాంటిదైతే దాన్నే మొదట అనుమానించాలి. దాని ప్లస్ కాలి దగ్గర సప్లయ్‌లో సగం వోల్టేజీ ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే చెడింది కెపాసిటర్ కాదు, ఆంప్లిఫయరే.

సిగ్నల్ ఒక ట్రాన్సిస్టర్ బేస్ దాకా వచ్చి కలెక్టర్ దగ్గర పోతే డీసీ కొలతకు మారండి. పనిచేసే సిలికాన్ ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ మధ్య 0.55 నుంచి 0.7 వోల్టులు ఉంటుంది. 0.8 దాటితే అది పోయింది, సున్నా అయితే పోయి ఉండొచ్చు. అక్కడ సప్లయ్ వోల్టేజీయే లేకపోతే దారిలోని రెసిస్టర్ తెగి ఉంటుంది. కొత్త ట్రాన్సిస్టర్ వేసేటప్పుడు కాళ్ల వరుస చూడకపోవడం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు. చదునైన ముఖం మీ వైపు పెట్టి ఎడమ నుంచి చూస్తే, 2ఎస్‌సీ 1815లో ఎమిటర్, కలెక్టర్, బేస్. 2ఎన్ 3904లో ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ 547లో కలెక్టర్, బేస్, ఎమిటర్. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

ఇంకొకటి కళ్లతో చూడండి. కెపాసిటర్లు కదలకుండా అప్పట్లో బోర్డు మీద పూసిన లేత రంగు జిగురు, వేడికి ముదురు గోధుమ రంగుకు తిరిగి తుప్పు పట్టిస్తుంది, కరెంట్‌ను కూడా లీక్ చేస్తుంది. శాన్‌సూయి సెట్లలో ఇది బాగా తెలిసిన జబ్బు, ఇతర కంపెనీలవాటిలోనూ ఉంది. దాని కింద పచ్చబడిన, సన్నబడిన కాళ్లున్న రెసిస్టర్లు, డయోడ్‌లు మార్చి, జిగురును చెక్క పుల్లతో మెల్లగా గీకి తీసేయాలి.

ఆన్‌లో కొలిచేటప్పుడు ప్రోబ్ జారి పక్క పక్క కాళ్లు కలిస్తే బాగున్న ఛానల్ కూడా పోతుంది. ఎర్ర ప్రోబ్ మొనకు కొస మాత్రం వదిలి ఇన్సులేషన్ తొడగండి. రెండో చేయి వెనక్కి పెట్టుకోండి.

ప్రశ్న: రికార్డ్ ప్లేయర్‌తో మాత్రమే ఒక వైపు రావడం లేదు. మిగతావన్నీ బాగున్నాయి.

జవాబు: ప్లేయర్ పిన్నులు రెండూ రిసీవర్ వెనక ఫోనో (రికార్డ్ ప్లేయర్) సాకెట్ల దగ్గర తారుమారు చేయండి. మూగ వైపు మారితే తప్పు ప్లేయర్‌లో ఉంది. కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) వెనక నాలుగు చిన్న క్లిప్పులుంటాయి: తెలుపు, నీలం ఎడమకు, ఎరుపు, ఆకుపచ్చ కుడికి. అవి వదులయ్యో మసిబారో ఉంటాయి. చిమటాతో క్లిప్పును పట్టుకుని మెల్లగా లాగి పెట్టండి, వైరును పట్టుకుని లాగితే తెగిపోతుంది. హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే ముక్క) ఊడదీసే రకమైతే దాని వెనక నాలుగు పిన్నులనూ తుడవండి. పిన్నులు మార్చినా మూగ వైపు మారకపోతే రిసీవర్‌లోని ఫోనో బోర్డును, సెలెక్టర్ స్విచ్‌లోని ఫోనో కాంటాక్ట్‌ను పైన చెప్పినట్టే జంటగా కొలవండి.

ప్రశ్న: పాత సెట్ కదా, కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చేస్తే ఛానల్ కూడా వచ్చేస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: రాదని కాదు, కానీ ఆ క్రమం తప్పు. ఒక్క లోపం ఉన్న సెట్‌లో వంద భాగాలు మార్చితే, ఒకటి తిరగేసి పెట్టడానికో, ఒక ప్యాడ్ (కాలిని టంకం వేసే రాగి బిళ్ల) లేచిపోవడానికో వంద అవకాశాలు ఇస్తున్నట్టు. అప్పుడు పాత లోపం, కొత్త లోపం కలిసిపోయి ఏది ఎక్కడిదో తెలియదు. ముందు ఛానల్ రప్పించండి. సెట్ నిలకడగా పాడాక, ఒక్కో బోర్డు చొప్పున మార్చి, ప్రతి బోర్డు తర్వాత ఆన్ చేసి చూసుకుంటూ వెళ్లండి.

ప్రశ్న: ఇరవై నిమిషాలు బాగా పాడి ఎడమ వైపు ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ వస్తుంది. పెట్టె మీద తడితే కూడా ఒక్కోసారి వస్తుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ అస్సలు పోదు.

జవాబు: తడితే వస్తోందంటే పగిలిన టంకమే మొదటి అనుమానితుడు. వేడికి బోర్డు సాగి, ఆ పగులు తెరుచుకుంటుంది. మూత తీసి, సెట్ వేడెక్కి ఛానల్ పోయే దాకా ఆగండి. పొడవాటి చెక్క పుల్లతో బోర్డులను ఒక్కో చోట మెల్లగా తట్టండి. ఎక్కడ తడితే శబ్దం వచ్చిపోతోందో ఆ చుట్టుపక్కల టంకాలను భూతద్దంతో చూడండి. కాలి చుట్టూ సన్నని నల్లని వలయం కనిపిస్తే అదే. హీట్ సింక్ పక్కనున్న డ్రైవర్ ట్రాన్సిస్టర్ల కాళ్లు, బోర్డులోకి దిగే కనెక్టర్ పిన్నులు, వాల్యూమ్ కంట్రోల్ కాళ్లు, వెనక సాకెట్లు, ఈ నాలుగు చోట్లా ముందు వెతకండి.

తట్టినా తేడా లేకపోతే ఏదో ఒక భాగమే వేడికి లొంగుతోంది. ఫ్రీజ్ స్ప్రేతో, అది లేకపోతే ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో, ఒక్కో చిన్న ట్రాన్సిస్టర్‌నూ చల్లబరచండి. దూది పుల్ల అయితే సెట్ ఆపి తాకించి, ఆరాక ఆన్ చేయాలి, ఆల్కహాల్‌కు నిప్పు అంటుకుంటుంది. చల్లబరచగానే ఛానల్ తిరిగి వస్తే ఆ భాగాన్ని మార్చండి. మెకానిక్ దగ్గర పోకపోవడానికి కారణం అక్కడ మూత తీసి ఉంచడమే, లోపల అంత వేడి పెరగదు. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడి మీద, ఒక అడుగు దూరం నుంచి బోర్డు మీదకు తిప్పితే అదే స్థితి తెప్పించవచ్చు.

పగిలిన టంకం మీద కొత్తది పోయడం సరిపోదు. ప్లగ్ తీసి, కెపాసిటర్లను డిశ్చార్జ్ చేసి, పాత టంకాన్ని డీసోల్డరింగ్ వైరుతో లాగేసి, కాలు శుభ్రం చేసి, 60/40 టంకంతో 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు మూడు సెకన్లలో పని ముగించండి. అప్పటి గోధుమ రంగు బోర్డుల్లో రాగి ఒక వైపే, అదీ బలహీనంగా అంటుకుని ఉంటుంది. టంకం వేసే ఇనుము ఎక్కువసేపు ఆనిస్తే ప్యాడ్ లేచి వస్తుంది. లేచిందా, కాలి నుంచి ఆ రాగి గీత వెళ్లే తర్వాతి టంకం దాకా సన్నని ఇన్సులేటెడ్ వైరు వేసేయండి, అది పదికాలాలు నిలుస్తుంది.